పెట్టె మూసేదాకా

ధైర్యం గురించి నన్ను అడగొద్దు

కోవిల్‌పట్టిలో ప్రొబేషన్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. తప్పు చేసిన మనిషిని కోర్టు ఒక్కోసారి జైలుకు పంపదు. "బయటే ఉండు, బుద్ధిగా ఉండు, ఈవిడ నిన్ను చూసుకుంటూ ఉంటుంది" అని వదిలిపెడుతుంది. ఆ ఈవిడను నేను. మూడు నెలలకొకసారి ఆ మనిషి ఎలా ఉన్నాడో కోర్టుకు నివేదిక రాయాలి. బాగుంటే నాలుగు లైన్లు చాలు. బాగోకపోతే జైలే. చెప్పుకోవడానికి ఉద్యోగం ఇంతే.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "ధైర్యంగా ఉండాలంటే ఏం చేయాలి మేడం?" అని అడిగింది. కాఫీ ఇచ్చి మాట మార్చాను. నేను ఎప్పుడూ ధైర్యంగా లేను. బస్సెక్కితే భయం, బస్సు దిగితే భయం, నివేదిక మీద సంతకం పెట్టాక మరీ భయం. ఎవరో ఒక మనిషి ఈ మూడు నెలల్లో ఏం చేస్తాడో, అతన్ని ఎవరేం చేస్తారో అని భయం. అది లేనివాళ్లు కూడా మా శాఖలో ఉన్నారు. వాళ్ల నివేదికలు చాలా అందంగా ఉంటాయి.

మా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా వైపు తెలుగువాళ్లందరికీ అంతే. తెలుగు అక్షరాలు మాత్రం పెళ్లయ్యాక మా ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆయనది చిత్తూరు, రైల్వే ఉద్యోగం. నా మాట విని మొదట్లో పగలబడి నవ్వేవాడు. ఉద్యోగమంతా తమిళంలో రాశాను కాబట్టి ఇది తెలుగులో రాస్తున్నాను. ఇందులో చెప్పబోయే సంగతి జరిగింది కూడా ఒక తెలుగింట్లోనే.

రెండు జిల్లాల మధ్య మనిషి

శిక్ష వేసిన కోర్టు ఒక జిల్లాలో, మనిషి ఇంకో జిల్లాలో ఉంటే ఆ కేసును ఎవరూ ఇష్టపడరు. కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లా. బస్సెక్కి కాస్త దూరం పోతే విరుదునగర్ జిల్లా వచ్చేస్తుంది. మధ్యలో గోడా లేదు, కాలవా లేదు. అదే నల్లరేగడి, అవే మిరప చేలు. కాగితానికి మాత్రం ఆ కాస్త దూరం దాటడానికి నెల పడుతుంది.

నాకు ముందున్నాయన అలాంటి కేసుల్లో కుర్చీ కదలకుండా నివేదికలు రాసేవాడు. ఒకసారి ఒక మనిషి "కనిపించుట లేదు" అని రాసేశాడు. విరుదునగర్ జిల్లా తిరుచ్చులి కోర్టు వారెంటు జారీ చేసింది. ఆ మనిషి ఎక్కడికీ పారిపోలేదు. తూత్తుకుడి ఉప్పళాల్లో, అంటే ఉప్పుమళ్లలో, పనికి పోయాడు, ఏటా పోయినట్టే. పోలీసులు అతన్ని ఉప్పుకాళ్లతోనే పట్టుకొచ్చారు. నేను చేరిన కొత్తలో ఆ కథ విని, చూడకుండా ఒక్క ముక్క కూడా రాయకూడదు అనుకున్నాను. మంచి నియమమే. అది కూడా చాలదని గురువయ్య దగ్గర తెలిసింది.

గురువయ్యది విరుదునగర్ జిల్లా, ఏళాయిరంపన్నైకి అవతల చిన్న ఊరు. పెదనాయన కొడుకు అళగర్‌తో గట్టు తగాదా. నువ్వంటే నువ్వు ఒక సాలు ఎక్కువ దున్నావని మాటామాటా పెరిగింది. గురువయ్య చేతిలో ఉన్న కట్టెతో కొట్టాడు, అన్న కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముకలు విరిగాయి. ఆపరేషన్ చేసినా రెండు వేళ్లు మళ్లీ మడవలేదు. తొలి నేరం, పారిపోకుండా తనే పోయి స్టేషన్లో కూర్చున్నాడు కాబట్టి విరుదునగర్ వైపు కోర్టు ప్రొబేషన్ ఇచ్చింది. షరతులు రెండు. కోవిల్‌పట్టిలో మేనమామ ఇంట్లో ఉండాలి. గడువు ముగిసేదాకా సొంత ఊళ్లో కాలు పెట్టకూడదు. కాలు పెడితే వదిలిపెట్టిన శిక్ష మళ్లీ మెడకు చుట్టుకుంటుంది.

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. మాట తక్కువ. నేను పోయినప్పుడల్లా లేచి నిలబడి, కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. కొట్టిన చేతిని వెనక దాచుకుని మాట్లాడే అలవాటు ఒకటి ఉండేది. మొదటి రెండు నివేదికలూ నాలుగేసి లైన్లలో అయిపోయాయి.

సామి పెట్టె

మూడో నివేదికకు ముందు గురువయ్య తనంతట తనే ఆఫీసుకొచ్చాడు. శివరాత్రికి సామి దగ్గరికి పోవాలన్నాడు.

మా వైపు కొన్ని తెలుగు వంశాలకు ఒక పెట్టె ఉంటుంది. కులదేవత చీర, గాజులు, గజ్జెలు, తాతల నాటి చిన్న కత్తి అందులో ఉంటాయి. ఏడాది పొడుగునా పెద్దింట్లో ఉండి శివరాత్రికి గుడికి పోతుంది. అక్కడ తెరుస్తారు. మర్నాడు మధ్యాహ్నం మూస్తారు. మూసేటప్పుడు వంశంలో మగవాళ్లందరూ, అంటే పంగాళ్లు, కుడిచేతులు మూత మీద పెట్టి ఒక్కసారిగా నొక్కాలి. వరసగా రెండేళ్లు రానివాడిని పెట్టెలోంచి తీసేసినట్టే. వాడింటి పెళ్లికి ఎవరూ పోరు, చావుకీ పోరు. కిందటి శివరాత్రికి గురువయ్య జైల్లో రిమాండులో ఉన్నాడు. ఈసారీ పోకపోతే అంతే. మేనమామ చూసిన సంబంధం వాళ్లు కూడా ఒకటే మాట అడిగారట. అబ్బాయి పెట్టెలో ఉన్నాడా అని.

"కోర్టు ఊళ్లోకి పోవద్దన్నది కదా" అన్నాను తమిళంలో. ఇంటి భాష బయటపెట్టకుండా ఉండటం నా పద్ధతి.

"గుడి ఊరు కాదు మేడం, ఊరి బయట. అది సామి ఇల్లు" అన్నాడు.

 నేను కాదంటే చెప్పకుండా పోతాడని ఆ మాటతోనే తెలిసిపోయింది. అతని లెక్కలో అది షరతు దాటడమే కాదు. కోర్టు లెక్కలో గుడి కూడా ఆ ఊరి పొలిమేరలోదే. పోతే జైలు. పైగా అదే మూత మీద చెయ్యి పెట్టడానికి అళగర్ కూడా వస్తాడు.

మా జిల్లా అధికారి దగ్గరికి పోయాను. మంచివాడే, సంతకం తప్ప దేనికీ చెయ్యి చాపడు. "నీకెందుకమ్మా ఈ తలనొప్పి? రొటీన్ నివేదిక పంపించెయ్యి. పోతే పోతాడు, పట్టుకుంటే పట్టుకుంటారు" అన్నాడు. రొటీన్ అన్న మాట మా శాఖలో చాలామందిని కాపాడింది. మేము చూడవలసిన మనుషుల్ని మాత్రం కాదు.

షరతు సడలించమని కోర్టును అడగొచ్చు. అందుకు దెబ్బ తిన్నవాళ్ల ఇంట్లో విచారించి రాయాలి. అది విరుదునగర్ ఆఫీసు పని. అక్కడి మేడంకి ఫోన్ చేస్తే, "ఈ ఆఫీసులో ఉన్నది నేనొక్కదాన్నే. కాగితం మీకు చేరేసరికి పండగ అయిపోతుంది. మీరే పోయి చూసి చెప్పండి, నా పేరు మీద పంపిస్తాను" అంది. అంటే నా జిల్లా కాని జిల్లాలో, నాకు అధికారం లేని ఇంటికి, ఒంటరిగా పోవాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను.

వాళ్లింట్లో

అళగర్ తల్లి రామక్క. మనిషి ఎండు మిరపకాయలా సన్నగా, ఎర్రగా ఉండేది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. తమిళంలో మర్యాదగా మాట్లాడింది. గురువయ్య రావడం తమకు అభ్యంతరం లేదంది. సామి పిలిస్తే కాదనడానికి మనమెవరం అంది. అళగర్ గడపలో నిలబడి ఎడమచేత్తో బీడీ వెలిగించుకున్నాడు. కుడిచేతి వేళ్లు రెండు అలాగే నిలువుగా ఉన్నాయి. అతనూ తలూపాడు.

చూసింది చూసినట్టు రాస్తే చాలనుకునేదాన్ని కాబట్టి అక్కడితో లేచి వచ్చేసేదాన్నే. ఇంత సాఫీగా పని జరిగినందుకు సంతోషించేదాన్ని కూడా.

అప్పుడు అళగర్ తల్లివైపు తిరిగి మామూలు గొంతుతో, ఎండలు మండిపోతున్నాయి అన్నంత తేలిగ్గా, తెలుగులో అన్నాడు.

"రానీమ్మా వాన్ని. పెట్టి తెరిసుండేదాకా ఎవుడూ ఏమీ అనకూడదు. మూసినాక సూసుకుందాం."

"గమ్మునుండ్రా" అంది రామక్క. వద్దనలేదు, గమ్మునుండమంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పెట్టె తెరిచి ఉన్నంతసేపు ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తరు, చెడ్డ మాట అనరు. పగవాళ్లు కూడా పక్కపక్కనే కూర్చుంటారు. మూత పడగానే ఆ కట్టు తెగిపోతుంది. మా అమ్మమ్మగారింటి వైపు కూడా పెట్టె ఉంది కాబట్టి అది నాకు తెలుసు. గుడి దగ్గర ఏం జరగబోతోందో, ఎప్పుడు జరగబోతోందో నా ముందే చెప్పారు, నాకు తెలుగు రాదనుకుని.

మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. మౌనంగా లేచి రావడమే తెలివైన పని. ఎప్పుడూ అదే చేశాను కూడా. ఆ రోజు మాత్రం నోరు ఆగలేదు.

"మూసినాక ఏమి సూసుకుంటారక్కా?" అన్నాను తెలుగులోనే.

రామక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అళగర్ బీడీ కింద పడేసి కాలితో నలిపాడు. 

"నువ్వు మనోళ్లా?" అంది రామక్క చివరికి. "ఏ ఊరు? ఇంటిపేరేమి?"

చెప్పాను. ఎవరి కూతురినో, ఎవరి మనవరాలినో చెప్పాను. దూరపు చుట్టరికం ఒకటి తేలింది కూడా. అప్పుడు అళగర్ నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ నచ్చదు.

"మనోళ్లంటివి గదా. ఇంట్లో మాట కోర్టుకు మోస్తావా?"

నేను లేచి బయటికి వచ్చాను. నన్ను ఇంటి మనిషిని చేసి నోరు కట్టేశాడు. బస్టాపుదాకా నడుస్తుంటే వెనక అడుగుల చప్పుడు వినిపిస్తున్నట్టే ఉంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలూ, ఇక్కడ ఒక మాట. మీకు ఇంటి భాష ఒకటి ఉంటే దాన్ని దాచుకోవాలా, బయటపెట్టాలా అని నన్ను అడిగితే నేను చెప్పలేను. దాచుకుంటే చాలా వినిపిస్తుంది. విన్నదాన్ని మోయడం మీ వల్ల అవుతుందా అన్నదే సంగతి. నేను బయటపెట్టాక ఆ ఊళ్లో నాకు ఒక్క ముక్క కూడా వినిపించలేదు.

మూత

"విన్నది రాయకు, చూసింది రాయి" అన్నాడు మా అధికారి. నేను రాశాను. ఇంట్లో మాటను ఉన్నదున్నట్టు కాదు గానీ, దెబ్బ తిన్నవారి కోపం చల్లారలేదని, పెట్టె మూసిన తర్వాత ప్రమాదం ఉందని, అయినా ఇతను పోకుండా ఉండడని, అనుమతితో పోతే కాపాడటం సులువని రాశాను. మేజిస్ట్రేటు అది రెండుసార్లు చదివి, "పెట్టె అంటే ఏమిటమ్మా?" అని అడిగారు. చెప్పాను. పెట్టె మూసే ఆ ఒక్కరోజుకు అనుమతి ఇచ్చారు. నేను వెంట ఉండాలి, స్టేషన్ నుంచి ఇద్దరు కానిస్టేబుళ్లు ఉండాలి. వాళ్లు వచ్చి దూరంగా చెట్టు నీడలో నిలబడి ఫోన్లు చూసుకున్నారు.

గురువయ్య కొత్త పంచె కట్టుకొచ్చాడు. బస్సులో నా వెనక సీట్లో కూర్చున్నాడు. జరగబోయేది చెప్పాను. "తెలుసు మేడం" అన్నాడు. 

మధ్యాహ్నం ఎండలో నేల పగుళ్లిచ్చి ఉంది. పంగాళ్లు పెట్టె చుట్టూ చేరారు. చీర మడిచి పెట్టారు, గజ్జెలు పెట్టారు, కత్తి పెట్టారు. చేతులన్నీ మూత మీదికి వచ్చాయి. గురువయ్య ఎప్పుడూ వెనక దాచుకునే చెయ్యి కూడా వచ్చింది. పక్కనే అళగర్ చెయ్యి, మడవని వేళ్లతో. అతని నడుం దగ్గర పంచె కట్టు కాస్త ఎత్తుగా కనిపించింది. అక్కడ ఏముందో నేను ఈ రోజుకీ ప్రమాణం చేసి చెప్పలేను.  కానిస్టేబుళ్లవైపు చూశాను, వాళ్లు ఇంకా ఫోన్లలోనే ఉన్నారు.

మూత దిగుతుండగా రామక్క ఆడవాళ్లలోంచి లేచి వచ్చింది. ఆడవాళ్లు ఆ పెట్టెను తాకకూడదు. ఆమె మగవాళ్ల చేతుల కిందుగా తన చెయ్యి పెట్టెలోకి దూర్చింది. మూత ఆమె మణికట్టు మీద ఆగిపోయింది.

"ఏమి పనిది రామక్కా?" అని పూజారి అరిచాడు.

"తప్పే. దండుగ కడతాను" అంది. "అయినా వాడు బస్సెక్కేదాకా నా చెయ్యి ఇందులోనే ఉంటాది. పెట్టి మూసుకోలేదు, ఎవుడూ కదలొద్దు."

"అమ్మా, తీ" అన్నాడు అళగర్ పళ్లు బిగించి.

"నీ చెయ్యి పోయింది చాలు రా. నువ్వు కూడా పోతే నాకెవురున్నారు? ఈయమ్మ ఆ పొద్దు అడిగినప్పటినుంచి నాకు నిద్ర లేదు. మూసినాక ఏమి సూసుకుంటారంటే నేనేమి చెప్పేది?"

 నేను గురువయ్య రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. ఆఫీసరులా కాదు, చంటిపిల్లవాడిని లాక్కొచ్చినట్టు. రోడ్డు మీదికి వచ్చాక బస్సు ఎంతకీ రాలేదు. వచ్చి, ఎక్కి, అది కదిలాక వెనక్కి చూస్తే, ఆమె ఎండలో పెట్టె మీదికి వంగి అలాగే ఉంది. గురువయ్య ఏడుస్తున్నాడు. నేను కూడా.

ఆ నివేదిక ఇలా పోయింది. "కోర్టు అనుమతి ప్రకారం హాజరయ్యాడు. అదే రోజు తిరిగి వచ్చాడు. ఎటువంటి సంఘటనా జరగలేదు." మా అధికారి చదివి, "చూశావా, రొటీనే కదా" అన్నాడు. ఆయన్ను కొట్టాలనిపించింది. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. నాలుగు లైన్ల నివేదిక చదివినప్పుడు, ఆ మనిషి బాగున్నాడని నమ్మకండి. ఎవరు చెయ్యి అడ్డం పెడితే బాగున్నాడో కనుక్కోండి.

గడువు తర్వాత

గురువయ్య గడువు ముగిసింది. ఆ తర్వాతి శివరాత్రులకు కూడా పోయాడు, రామక్క గుడి వాకిట్లో నిలబడి చూస్తుండగా తిరిగి వచ్చేశాడు. పెళ్లయింది. నేను రిటైరయ్యాను.

కిందటేడు ఒకరోజు పొద్దున్నే ఫోను. గొంతు విని పోల్చుకునేలోపే గురువయ్య తెలుగులో మొదలుపెట్టాడు.

"అమ్మా, రామక్క పెదమ్మ పోయింది. రమ్మని చెప్పి పంపినారు. పోవచ్చునా?"

పోవచ్చో లేదో చెప్పడానికి ఇప్పుడు కోర్టూ లేదు, షరతూ లేదు, కానిస్టేబుళ్లూ లేరు. నేనూ ఆఫీసరును కాను. ఇంతకాలం అడ్డంగా ఉన్న చెయ్యి కూడా పోయింది. అతనికీ అదే భయం. లేకపోతే నన్నెందుకు అడుగుతాడు? వద్దని చెప్పడానికి నోరు రాలేదు. పెదమ్మ చావుకు పోనివాడు ఇంక దేనికీ పోలేడు.

"బస్టాండులో ఉండు, నేనూ వస్తాను" అన్నాను.

మేము పోయేసరికి పాడె సిద్ధంగా ఉంది. అళగర్ తల గొరిగించుకుని, తడి పంచెతో నిప్పుకుండ ముందు నిలబడి ఉన్నాడు. గురువయ్యను చూడగానే వీధిలో జనం పక్కకు జరిగారు. మధ్యలో ఎవరూ లేరు. 

అళగర్ చాలాసేపు అతన్నే చూశాడు.

"వొచ్చినావా" అన్నాడు. "కుండ కుడిసేత్తో పట్టాల. నా చెయ్యి పట్టదు. ఈ పక్క పట్టు."

గురువయ్య పోయి పట్టుకున్నాడు. కుండ వేలాడే ఉట్టి తాడు ఇద్దరి చేతుల్లో నిలిచింది. అలాగే నడిచారు, భుజం భుజం తగులుతూ. వెనక పాడె కదిలింది.

ఆడవాళ్లు వీధి చివరిదాకే పోవాలి. అక్కడ ఆగిపోయాను. వాళ్లు మలుపు తిరిగి కంపచెట్ల వెనక కనిపించకుండా పోయారు. తక్కిన ఆడవాళ్లు స్నానాలకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఉండిపోయాను. అళగర్ కుండ పట్టమని ఎందుకు అడిగాడో, నిజంగా తన చెయ్యి పట్టకే అడిగాడో, పగ తీర్చుకోవడానికి స్మశానం దాకా తీసుకుపోవాలని అడిగాడో అని మనసు ఒకటే కొట్టుకుంది. పొగ లేచింది. పొగ పలచబడింది.

చివరికి మలుపు దగ్గర అళగర్ కనిపించాడు. ఒక్కడే. నేను ఆ వీధి చివర ఒక బడ్డీకొట్టు పక్కన నిలబడ్డాను. అతను తిన్నగా నా దగ్గరికే వచ్చి ఆగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వస్తాండాడు. బాయికాడ కాళ్లు కడుక్కుంటాండాడు" అన్నాడు. "ఇంగ నువ్వు ఇంటికి పోమ్మా. పొద్దుననంగా నిలబడుండావు."